నలభై మూడు చోట్ల ఒకటే మాట

బురుల్చా వేసిన కేకకు పెరట్లో కోళ్లు చెల్లాచెదురయ్యాయి.

"అపా! మొదటి పేజీ! మన సైటు మొదటి పేజీకి ఎక్కింది! పైనుంచి నాలుగోది!"

అత్తగారు సైకాల్ అపా తలెత్తలేదు. ఒడిలో ఉన్న తివాచీకి అంచు కుడుతోంది. "వరసలో నాలుగోదయితే ఏం, అదేమన్నా రొట్టెల కొట్టా? మన వంతు వచ్చాక చెప్పు."

ఆవిడ అట్లా అన్నా బురుల్చా సంబరం ఏం తగ్గలేదు. ఫోను పట్టుకుని బురదలో గలోషులతోనే, ఆ రబ్బరు జోళ్లతోనే, వీధి చివరిదాకా పరుగెత్తింది. కిర్గిజ్ కొండల మధ్య ఉన్న ఆ కొచ్కోర్ ఊళ్లో మంచు ఇంకా పూర్తిగా కరగని మార్చి నెల అది. పదకొండు ఇళ్ల తలుపులు తట్టి, పదకొండు చోట్ల టీ తాగి, ఇంటికొచ్చేసరికి కడుపు కుండలా అయింది.

ఎందుకంత సంబరమంటే, చెప్పాలి. ఆ వీధిలో పదకొండు మంది ఆడవాళ్లు షిర్దాక్‌లు చేస్తారు. ఉన్నిని తడిపి, తొక్కి, దళసరి గుడ్డగా చేసి, రెండు రంగులు ఒకదాని మీద ఒకటి పరిచి పొట్టేలు కొమ్ముల ముగ్గు కోసి, ఆ ముక్కలు మార్చి కుట్టే తివాచీలు. ఒక్కోదానికి నాలుగైదు నెలలు పడుతుంది. ప్రతి జూన్‌లో మొదటి శనివారం, ఊరివాళ్లు గొర్రెలతో కొండలకు బయలుదేరే ముందు, రాజధాని బిష్కెక్ నుంచి ఓర్మోన్ అనే వ్యాపారి లారీ వేసుకొచ్చి అన్నీ కొని ఎత్తుకుపోతాడు. ఎత్తుకుపోయి, ప్రతిదాని వెనకా తన కొట్టు పేరున్న గుడ్డముక్క కుట్టిస్తాడు. సైకాల్ అపా నలభై ఏళ్లుగా చేస్తోంది. ఎక్కడెక్కడి ఇళ్లలోనో ఆవిడ చేతిపని పరుచుకుని ఉంది. ఆవిడ పేరు మాత్రం ఒక్క ఇంట్లోనూ తెలీదు.

ఇది చూసి కోడలి కడుపు రగిలింది. మనమే సైటు పెట్టుకుందాం, మన పేర్లతో అమ్ముకుందాం అని అందరినీ కూర్చోబెట్టి నెత్తీ నోరూ బాదుకుంది. వాళ్లు చివరికి ఒక్క ఏడాదికి ఒప్పుకున్నారు. "జూన్ శనివారం దాకా చూస్తాం పిల్లా. అప్పటికి కొనేవాళ్లు రాకపోతే అన్నీ ఓర్మోన్ లారీకే. మళ్లీ నువ్వు సైటనే మాట ఎత్తకూడదు." ఓర్మోన్ కూడా కబురు పంపాడు, ఈసారి సరుకు ఇవ్వకపోతే ఇక ఆ వీధి మొహం చూడనని.

సైటయితే పెట్టారు గానీ సెర్చ్‌లో వెతికితే అది ఎక్కడో అడుగున ఉండేది. అప్పుడే బిష్కెక్‌లో వెబ్‌సైట్లు చేసే ఆఫీసులో పనిచేసే చెల్లెలు పెరిజాత్‌కి ఫోన్ చేసింది బురుల్చా. "వేరేవాళ్ల సైట్లలో మీ సైటుకి లింకులుండాలి అక్కా. అప్పుడు సెర్చ్ మిమ్మల్ని నమ్ముతుంది. కాకపోతే..." అంటోంది పెరిజాత్. "కాకపోతే" తర్వాత ఏముందో విన్నదెవరు? బురుల్చా అప్పటికే ఫోన్ పెట్టేసి అశర్ పిలిచింది.

అశర్ అంటే ఊరంతా వచ్చి ఒకరి పని చేసిపెట్టడం. ఇంటివాళ్లు భోజనం పెడతారు, ఏం చేయాలో చెబుతారు, వచ్చినవాళ్లు అదే చేస్తారు. గోడ కట్టే అశర్‌లో ఇటుకలన్నీ ఒకే అచ్చులో పోస్తారు, ఎవరి ఇటుక వాళ్లకిష్టమైనట్టు చేస్తే గోడ నిలబడదు. బురుల్చా పుట్టినప్పటినుంచీ చూసిన అశర్ అదే. కాబట్టి బొర్సోక్‌లనే పిండి ముక్కలు నూనెలో వేయించి, గొర్రెను కోసి, అతిథిగృహాల వాళ్లనీ, గైడ్లనీ, డ్రైవర్లనీ, తేనె అమ్మేవాళ్లనీ పిలిచి, సైటున్న ప్రతివాడి చేతిలో ఒకే చీటీ పెట్టింది. లింకు మీద ఈ మాటలే ఉండాలి, ఒక్క అక్షరం తేడా రాకూడదు అని చెప్పింది. చీటీలో ఉన్నది ఇదీ: "కిర్గిజ్ షిర్దాక్ తివాచీ కొనండి".

నలభై మూడు సైట్లు, అన్నిచోట్లా అదే మాట. టైర్లు బాగుచేసే దూలాత్ అయితే అభిమానం పట్టలేక తన సైటులో ప్రతి పేజీ అడుగునా అతికించాడు. మూడు వారాల్లో నాలుగో స్థానం వచ్చింది. కోళ్లు చెదిరింది అప్పుడే.

ఏప్రిల్ మధ్యలో ఓ పొద్దున బురుల్చా ఫోను తెరిచి చూస్తే మొదటి పేజీలో లేరు. రెండో పేజీలో లేరు. పన్నెండో పేజీ దాకా వెతికింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, అశర్‌కు ముందు కనబడ్డ చోట కూడా ఇప్పుడు లేరు.

"ఏం రాశారో లింకుల మీద చదువు," అంది ఫోన్లో పెరిజాత్. పక్కనే సైకాల్ అపా ఉన్ని గుడ్డ కత్తిరిస్తోంది.

బురుల్చా చదివింది. "కిర్గిజ్ షిర్దాక్ తివాచీ కొనండి."

"తర్వాత?"

"కిర్గిజ్ షిర్దాక్ తివాచీ కొనండి."

"ఆ తర్వాత?"

"అదే. అన్నీ అవే."

పెరిజాత్ ఇంకా నోరు తెరవకముందే సైకాల్ అపా కత్తెర కింద పెట్టింది. "ఏమే, పెళ్లిలో పెద్దలు దీవెన ఇస్తారు. ఒకాయన పిల్లాపాపలంటాడు, ఒకాయన గుర్రాలంటాడు, తాగినాయన తన కథే చెప్పుకుంటాడు. నలభై మంది లేచి ఒక్క ముక్క తేడా లేకుండా ఒకే దీవెన అప్పజెప్పారనుకో, ఎవడన్నా నమ్ముతాడా? ఇంటాయన చీటీలు పంచాడనుకోరూ?"

ఫోన్లో పెరిజాత్ కేక పెట్టింది. "అపా! మా ఆఫీసులో నీకు కుర్చీ వేయిస్తా! అచ్చంగా అదే! సెర్చ్ కూడా అట్లాగే అనుకుంది. మనస్ఫూర్తిగా మెచ్చుకునేవాళ్లు తలో మాట అంటారు. అందరూ కొనండి కొనండి అంటే, పైకి రావడానికి ఆడిన నాటకమని పసిగట్టింది. నేను ఆ రోజు ఇదే చెప్పబోయాను, అక్కగారు ఫోన్ పెట్టేసింది!"

"సరే తల్లీ, బుద్ధి గడ్డి తిన్నది. ఇప్పుడేం చేయాలో చెప్పు!"

"ఎవరి మాట వాళ్లు రాయాలి. చదివేవాడికి అక్కడ నొక్కితే ఏం దొరుకుతుందో తెలియాలి, అంతే. ఒకటి రెండు చోట్ల పాత మాటే ఉన్నా ఫరవాలేదు. ఆ టైర్ల పేజీల అడుగున ఉన్నవి మాత్రం వెంటనే పీకించు. తొందరగా చెయ్యి, ఇది కుదురుకోవడానికి వారాలు పడుతుంది."

వారాలు ఎన్నున్నాయి గనక? ఏడంటే ఏడు. బురుల్చా మళ్లీ బొర్సోక్‌లకు నూనె పెట్టింది. అబ్బ, ఏం హడావిడి ఆ పది రోజులూ! ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో చిల్లుల గరిటె. అందరూ వచ్చారు, తిన్నారు, చేయి చాచారు. "చీటీ ఏదీ?"

"చీటీ లేదు. మీకేం అనిపిస్తే అది రాయండి."

"మాకేం అనిపిస్తుంది? నువ్వే చెప్పు, రాసేస్తాం."

"చెప్పను! చంపినా చెప్పను!"

అక్కడ మొదలైంది తమాషా. అతిథిగృహం నడిపే ఆవిడ చాలాసేపు గోళ్లు కొరుక్కుని, "మా గదుల్లో కాళ్లకు వెచ్చగా తగిలేది వీళ్లు చేసిందే" అని రాసింది. గైడొకడు "వాన వచ్చినప్పుడు నేను అతిథులను తీసుకెళ్లి కూర్చోబెట్టే ఇల్లు" అన్నాడు. తేనె అమ్మే ముసలాయన రాసింది చదివి బురుల్చా నవ్వాపుకోలేకపోయింది: "మా పక్కింటి సైకాల్, కోపం ఎక్కువ, కుట్టు గట్టి."

సైకాల్ అపా గరిటెతో లేచింది. "ఎవడికిరా కోపం?"

"చూశారా, నిజమే రాశాను," అన్నాడాయన ప్లేటు అడ్డం పెట్టుకుని. ఇల్లంతా గొల్లుమంది. అపా తీసేయమనలేదు. ఆ సాయంత్రం రెండుసార్లు కోడలిచేత చదివించుకుంది కూడా.

దూలాత్ మాత్రం బుంగమూతి పెట్టాడు. "మంచికి పోతే చెడు ఎదురైంది, రెండొందల పేజీలకు అతికించాను!" బురుల్చా బతిమాలగా బతిమాలగా అన్నీ పీకేసి, తన గురించి చెప్పుకునే పేజీలో ఒక్కటి ఉంచాడు: "నా పెళ్లికి అమ్మ అప్పు తెచ్చి కొన్న షిర్దాక్ ఈ వీధిదే."

మే గడుస్తోంది. పదకొండో పేజీ. తొమ్మిదో పేజీ. మళ్లీ పదో పేజీ! వీధిలో ఇద్దరు ఆడవాళ్లు అప్పుడే తమ షిర్దాక్‌లు చుట్టి తాళ్లతో కట్టేశారు, లారీకెక్కించడానికి. నెలాఖరుకు ఐదో పేజీ. జూన్‌లో లారీ వచ్చే వారం, గురువారం నాడు రెండో పేజీ. ఒక్క ఆర్డరు లేదు. శుక్రవారం సాయంత్రం వరసలో ఏడోది, మొదటి పేజీ! అప్పుడు కూడా ఒక్క ఆర్డరూ లేదు.

"పేజీ చూసి ఏం చేసుకోమంటావు," అంది ఎదురింటి ఆవిడ నెమ్మదిగా. "రేపు పదింటికి లారీ వస్తుంది." ఆవిడ అన్నది న్యాయమే.

శనివారం పొద్దున ఏడింటికి ఫోను కుయ్యిమంది. నార్వే నుంచి ఓ టీచరమ్మ. సెర్చ్‌లో చూశాను, ఎర్రదీ నల్లదీ కలిపిన పెద్దది కావాలి అని. ఎనిమిదింటికి ఇంకొకటి, జపాన్ నుంచి. అది చదువుతుండగానే మూడోది, అల్మాతీ నుంచి. బురుల్చా చెప్పుల్లేకుండా వీధిలోకి పరుగెత్తింది, ఇల్లిల్లూ తిరిగి అరిచింది, ఎదురింటి ఆవిడను వాటేసుకుని గిరగిరా తిప్పింది. తొమ్మిదిన్నరకు ఐదు! తాళ్లతో కట్టినవాళ్లు ముళ్లు విప్పడానికి పళ్లు కూడా వాడారు.

పదింటికి లారీ ఆగింది. ఓర్మోన్ దిగి, తన గుడ్డముక్కల సంచీ చంకన పెట్టుకుని, ఎప్పటిలాగే ముందు సైకాల్ అపా గడప దగ్గరకు వచ్చాడు. అపా కిటికీ పక్కన నేలమీద కూర్చుని ఉంది. ఎర్రదీ నల్లదీ కలిపిన పెద్ద షిర్దాక్ ఒడిలో తిరగేసి ఉంది.

"అయిపోలేదా అపా ఇంకా? ఇంకేం కుడుతున్నావు?"

నార్వే టీచరమ్మ ఉత్తరం చివర ఒక ముక్క అడిగింది, ఇది ఎవరు చేశారో వాళ్ల పేరు ఉంటుందా అని. సైకాల్ అపా సూది ఆపలేదు. రెండక్షరాలు అయ్యాయి, మూడోది వంకర పోయింది.

"నా పేరు," అంది. "పక్కకు జరుగు, వెలుతురు రావడం లేదు."