ఎదురుగాలి సర్వీసు

పడమటి గాలి.

నోట్లో మన్ను. పళ్ళ మధ్య కరకర. అనంతపురం కాలేజీ మైదానంలో వాలీబాల్ నెట్టు బుస్సున పొంగి, మళ్ళీ జారిపోతోంది. బంతి చేతిలోంచి లేచేలోపే గాలి దాన్ని వెనక్కి నెడుతోంది.

కోచ్ రామాంజులు ఆ గాలికి ఎదురుగా ఆడపిల్లల్ని నిలబెట్టి అరుస్తున్నాడు.

"ఇంకా గట్టిగా కొట్టమ్మే! గాలి నీకు చుట్టమేం గాదు!"

ఎదురుగాలిలో సర్వీసు వేసినవాళ్ళు ఎక్కడైనా వేస్తారు — అతని విద్యంతా ఈ ఒక్క మాటే. ఏ పుస్తకంలోనూ చదవలేదు. బతుకే నేర్పిందని అతని నమ్మకం, కొంచెం గర్వం కూడా.

ధర్మవరంలో నేతగాళ్ళ వీధి అతనిది. పొద్దున పట్టు పడుగు దారాలు చాచి కట్టే గుంజలకే సాయంత్రం నెట్టు కట్టేవాళ్ళు. పగలంతా మగ్గం గుంతలో కాళ్ళు దించుకుని కూర్చున్న రామాంజులు, పొద్దు వాలగానే లేచి వచ్చి ఎగిరేవాడు. ఎగిరేవాడు… దిగడం ఇష్టం లేనట్టు ఎగిరేవాడు.

నాయన చూసి ఒక్క మాటే అనేవాడు.

"బంతి కూడు పెడ్తాదేమిరా?"

పెడుతుందని చూపించాలనే అనంతపురం వచ్చాడు. డెబ్బై మూడులో కాలేజీ జట్టులో ఆడాడు. మద్రాసు పోయి వ్యాయామ విద్య చదివాడు. డెబ్బై ఎనిమిదిలో అదే కాలేజీలో కోచ్ అయ్యాడు.

అయ్యాడు — అని చెప్పుకోవడమే. ఉద్యోగం తాత్కాలికం. ప్రతి వేసవికీ ఊడేది. ప్రతి తొలకరికీ, వాన వచ్చినా రాకున్నా, మళ్ళీ దొరికేది.

మగపిల్లల జట్టును తయారుచేశాడు. జట్టుకు పేరొచ్చింది. పేరొచ్చాక, పలుకుబడి ఉన్నవాడొకడు వచ్చి ఆ జట్టును ఎగరేసుకుపోయాడు. రామాంజులుకు ఆడపిల్లల జట్టు మిగిలింది.

కోపం వచ్చింది. మింగాడు. మైదానంలో మన్నుతోపాటే మింగాడు.

కానీ ఆ పిల్లలు!

ముదిగుబ్బ కదిరమ్మ — గట్టినేలలోంచి శనక్కాయ చెట్లు పీకి పీకి రాయైన చేతులు. గార్లదిన్నె ఆంజినమ్మ — అడుగంటిన బావిలోంచి నీళ్ళు చేది చేది పెరిగిన భుజాలు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ పిల్లలంటే అతనికి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. మగపిల్లల జట్టు మీద బెంగే పోయింది.

ఎనభై నాలుగులో కొత్త ప్రిన్సిపాల్ గదికి పిలిపించాడు.

"మీ ఆడపిల్లలు జిల్లా దాటిపోయి ఒక్క మ్యాచన్నా గెల్చినారేమప్పా?"

గెలవలేదు.

"ఈసారి బెంగుళూరు పోటీల్లో ఒక్కటి గెల్చుకోని రా. లేకుంటే ఆ జట్టూ వద్దు, నీ కొలువూ వద్దు."

ఇంటికి వచ్చి భార్య భద్రమ్మకు చెప్పాడు. ఆమె చేటలో శనక్కాయలు ఒలుస్తూ, తల ఎత్తకుండానే, "మగ్గం యాడికీ పోలేదు లే" అంది.

ఓదార్పుగానే అంది. అతనికి మాత్రం ఆ మగ్గం గుంత కనిపించింది.

బెంగుళూరు.

ఆట మైదానంలో కాదు — హాలులో. నున్నటి చెక్క నేల, నాలుగు గోడలు, పైన కప్పు. పిల్లలు గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, గుడిలోకి వచ్చినట్టు లోపలికి వచ్చారు.

సర్వీసు చేసిన జట్టుకే పాయింటు వచ్చే రోజులవి. సర్వీసు బయట పడిందా, ఎంత బాగా ఆడినా పాయింటు లేనట్టే.

కదిరమ్మ కొట్టింది. బంతి వెనక గీత దాటిపోయింది.

ఆంజినమ్మ కొట్టింది. దాటిపోయింది.

"భయపడొద్దండి! ఇంకా గట్టిగా!" రామాంజులు గొంతు చించుకున్నాడు.

ఇంకా గట్టిగా కొట్టారు. ఇంకా దూరం పోయింది. బంతి అవతలి గోడకు కొట్టుకుని, తీరుబడిగా దొర్లుకుంటూ వెనక్కి వచ్చింది.

పదిహేను — సున్నా. మొదటి సెట్టు పోయింది.

పిల్లలు అతని చుట్టూ చేరారు. కదిరమ్మ తల దించుకుని నిలబడింది. జడ రిబ్బను భుజం మీద వేలాడుతోంది.

వేలాడుతోంది… కదలడం లేదు.

ఆ పిల్ల రిబ్బను ఊరికే ఉండగా అతనెప్పుడూ చూడలేదు.

గాలి లేదు.

గాలే లేనిచోట గాలితో కొట్లాడమని ఇంతసేపూ తనే అరుస్తున్నాడు! మొదట సిగ్గేసింది. వెంటనే నవ్వొచ్చింది. ఆపుకోలేని నవ్వు. పిల్లలు బెదిరిపోయి చూశారు.

"తప్పు నాదేనమ్మా. ఈడ గాలి లేదు. నేను చెప్పిందంతా ఇడిసిపెట్టండి. మెల్లగా ఏయండి."

"మెల్లగానా సార్?"

"మెల్లగానే. సగం బలం చాలు."

సగం బలం చాలు.

ఆ మాట అన్నాక అతని భుజాలు కూడా దిగాయి. ఇన్నేళ్ళూ అవి బిగుసుకునే ఉన్నాయని అప్పుడే తెలిసింది.

కదిరమ్మ వేసింది. బంతి నెట్టు దాటి, గీత లోపల పడింది.

అన్నీ అలాగే పడలేదు. అలవాటుపడ్డ చేతులు మాట వింటాయా? కొన్ని దాటాయి, కొన్ని నెట్టుకే తగిలాయి. అయినా రెండో సెట్టు వచ్చింది. మూడోది వచ్చింది. నాలుగోది పోయింది. ఐదోదానిలో, గెలుపుకు ఒక్క పాయింటు దూరంలో, ఆంజినమ్మ నేలకు పడి బంతి లేపింది. కదిరమ్మ ఎగిరింది. చెయ్యి ఎత్తింది. అవతలివాళ్ళంతా దెబ్బకు భయపడి వెనక్కి జరిగారు —

ఆమె కొట్టలేదు.

వేలికొసలతో తాకింది. బంతి నెట్టు అంచు దాటి, ఎవరూ లేనిచోట, మెత్తగా దిగింది.

ఈల. కేకలు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు.

రామాంజులు ఉన్నచోటే చెక్క నేల మీద కూలబడ్డాడు. జట్టు ఉంటుంది. తనూ ఉంటాడు. ఏడుపు వచ్చింది, రానిచ్చాడు. ఇన్నాళ్ళుగా ఛాతీలో కూర్చున్న బరువేదో లేచి వెళ్ళిపోయినట్టుంది.

కదిరమ్మ రొప్పుతూ వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత, ఎందుకో అనుమానం వచ్చినట్టు —

"సార్… మనూర్లో మళ్ళా గాలి ఉంటాది గదా?"

"ఉంటాదమ్మా."

"అప్పుడెట్ల ఏయాల సార్?"

అతను ఆలోచించాడు. ఏమీ తోచలేదు. తోచకపోవడం కూడా హాయిగానే ఉంది.

"ఏమో మే… పోయినంక సూస్తాం" అన్నాడు.

హాలులో గాలి కదలడం లేదు. ఇద్దరూ కాళ్ళు చాపుకుని, ఆ నిశ్చలతలో, ఊరికే కూర్చున్నారు…