హాల్లో కుదిరిన గురి

అల్లుడు ఓడిపోతాడని అతని భార్యకు ముందే తెలుసు. ఎలా ఓడిపోతాడో కూడా తెలుసు. చెప్పి చూసింది. వినే రకమైతేగా!

మామగారిది ఫ్లోరింగ్ కంపెనీ. ఊళ్ళో సగం ఆఫీసులకు టైల్స్ పరిచింది ఆయనే. మోకాళ్ళు అరిగిపోయి, ఇక తప్పుకుందామనుకున్నాక అల్లుణ్ణి పిలిచారు.

"క్లబ్బులో నాతో గోల్ఫ్ ఆడు. పెద్ద ఆట నావల్ల కాదు. బంతిని దొర్లించి గుంతలో వెయ్యడం వరకే. నేల తీరు పసిగట్టగలిగినవాడివైతే నా కుర్చీ నీది."

అల్లుడు ఆ సాయంత్రమే ఖరీదైన కర్ర కొన్నాడు. చేతికి తొడుగు, తలకు టోపీ. హాల్లో సోఫా పక్కకు జరిపించి, గోడ దగ్గర స్టీలు గ్లాసు పడుకోబెట్టి సాధన మొదలుపెట్టాడు. ఇంట్లో టోపీ దేనికని భార్య అడగలేదు. కొన్ని ప్రశ్నలకు జవాబు మొహంలోనే కనిపిస్తుంది.

మొదట్లో బంతి గ్లాసును తప్పించుకుని ఎడమకు, బాల్కనీ వైపు పోయేది. రోజూ కొట్టగా కొట్టగా టంగుమని గ్లాసులో దూరడం మొదలైంది. అల్లుడి కాళ్ళు భూమ్మీద ఆనలేదు.

"చూశావా? లెక్కలేవీ వెయ్యట్లేదు. చెయ్యి దానంతటదే చెబుతోంది. అంతర్దృష్టి అంటారు దీన్ని. అందరికీ రాదులే."

"మీరు కుడికి కొడుతున్నారు."

"ఏంటి?"

"గ్లాసు ఇక్కడుంటే అక్కడ గోడకేసి కొడుతున్నారు. నేల బాల్కనీ వైపు వాలుగా ఉంది. తడిగుడ్డ పెట్టినప్పుడల్లా నీళ్ళన్నీ అటే పోతాయి."

"ఈ నేల దగ్గరుండి వేయించింది నేను! బకెట్టు మోసేవాళ్ళు కూడా ఆట గురించి చెప్పేవాళ్ళే!"

ఆమె బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మాటను మాత్రం భద్రంగా దాచుకుంది.

ఆదివారం ఉదయం. క్లబ్బు వెనక నున్నగా కత్తిరించిన పచ్చిక, అద్దంలా చదునుగా ఉంది. మామగారు ఒక చేత్తో నడుం పట్టుకుని, రెండో చేత్తో బంతిని తోశారు. గుంతలో పడింది.

అల్లుడు కళ్ళు మూసుకున్నాడు. అంతర్దృష్టి ఉన్నవాడికి కళ్ళతో పనేముంది? కొట్టాడు. బంతి గుంతకు కుడిపక్క నుంచి దర్జాగా వెళ్ళిపోయింది.

"గాలి, మామయ్యా."

"నా బంతికి తగలని గాలా?"

మళ్ళీ కొట్టాడు. కుడికే. మళ్ళీ. కుడికే. మామగారికి కోపం పోయి ఆసక్తి పుట్టింది.

"ప్రతిసారీ ఒకే చోటికి పంపిస్తున్నావు. ఇంత కచ్చితంగా తప్పాలంటే బాగా కష్టపడి ఉండాలి. ఎక్కడ నేర్చావ్?"

"మా హాల్లో."

"పద, చూద్దాం."

హాల్లో మామగారు వంగి బంతిని నేలమీద పెట్టి వదిలేశారు. ఎవరూ తొయ్యలేదు. అది నెమ్మదిగా కదిలింది, వేగం పుంజుకుంది, వెళ్ళి బాల్కనీ తలుపుకు కొట్టుకుంది.

"ఈ నేల ఎవడు వేయించాడు?"

అల్లుడు నోరు విప్పలేదు. ఇన్నాళ్ళలో అతను చేసిన తెలివైన పని అదొక్కటే.

"ఆయనే, నాన్నా. దగ్గరుండి మరీ."

"వాలుందని నీకు తెలుసా?"

"ఈ ఇంట్లో దిగిన రోజు నుంచీ తెలుసు. చెప్పాను కూడా. బకెట్టు మోసేవాళ్ళు ఆట గురించి మాట్లాడకూడదట."

మామగారు అల్లుణ్ణి కింది నుంచి పైకి చూసి, టోపీ దగ్గర కాసేపు ఆగారు. తర్వాత కూతురి వైపు తిరిగారు.

"రేపు ఆఫీసుకు రామ్మా."

"మీ కుర్చీ చూడ్డానికా, కూర్చోడానికా?"

"కూర్చోడానికే."

"మరి నేనో, మామయ్యా?" అన్నాడు అల్లుడు.

ఆమె లోపలికి వెళ్ళి బకెట్టు, తడిగుడ్డ తెచ్చి అతని చేతికిచ్చింది.

"రోజూ సాధన చెయ్యండి. నీళ్ళు ఎటు పోతాయో చూస్తూ ఉంటే అదే వస్తుంది, మీ అంతర్దృష్టి."