జనవరి ఎండ

సుమికో కాళ్ళకు క్రీము రాయడానికి వంగినప్పుడల్లా శేషుకుమారికి నడుము పట్టేస్తోంది. ఆస్ట్రేలియాలోని క్రెయిగీబర్న్‌లో ఒంటరిగా ఉంటున్న ఎనభై మూడేళ్ళ ఆ జపాను ముసలావిడకు వారానికి నాలుగు రోజులు స్నానం చేయించి, ఇంత తినిపించి రావడం ఆమె ఉద్యోగం. తణుకులో ఉన్న అత్తగారికి మాత్రం భర్త చందు “హాస్పిటల్ అడ్మిన్‌లో చేస్తోందమ్మా” అని చెప్పాడు. “స్నానాలు చేయించే పనంటే అమ్మ ఏమనుకుంటుంది? నువ్వు నోరు జారకు,” అని ఈమెకు చెప్పాడు.

సుమికో హైకూలు రాస్తుంది, యాభై ఏళ్ళుగా. పోయిన భర్త రాన్, “మూడు లైన్లకి ఇంతసేపా? టీ ఏదీ?” అనేవాడట. అందుకని బట్టలు ఉతుకుతూ మనసులోనే కట్టుకుని, అతను పనికి వెళ్ళాక కాగితం మీద పెట్టేది.

ఆ రోజు ఒకటి తనకొచ్చిన ఇంగ్లిషులో మెల్లగా చెప్పింది. శేషుకుమారి దాన్ని లోలోపల తెలుగులో అనుకుంది.

చన్నీళ్ళ కొళాయిలో
వేడినీళ్ళు –
పాప గౌను ఉతుకుతున్నా

“పాప ఎవరు ఆంటీ?”

“యూరి. ఎనిమిది నెలలు. జనవరిలో పోయింది. ఇక్కడ అది నడి ఎండాకాలం. ఆ రోజు నలభై మూడు డిగ్రీలు.”

అప్పట్లో జపానులో ఒక పత్రిక పెద్దాయన ఆమె హైకూలన్నీ పుస్తకంగా వేస్తానన్నాడట. జపానులో జనవరి అంటే చలికాలం, హైకూలో ఋతువు తప్పకూడదు, వేడినీళ్ళు తీసేసి మంచు పెట్టమన్నాడు. రాన్ కూడా, “ఒక్క మాటేగా, మార్చెయ్,” అన్నాడు.

“మార్చారా?”

“నా పాప ఎండలో పోయింది. మంచు అని ఎలా రాస్తాను?”

పుస్తకం రాలేదు. ఆ తర్వాత రాసినవేవీ ఆమె ఎవరికీ పంపలేదు.

శేషుకుమారి చేతిలోని తువ్వాలు మడతపెట్టింది. మార్చిలో ఆమెకు నాలుగో నెల కడుపు పోయింది. “అమ్మవాళ్ళకి వైరల్ ఫీవర్ అని చెప్పేశా, మళ్ళీ కెలక్కు,” అన్నాడు చందు. మూడో రోజు అతనికి లంచ్ బాక్సు కట్టి షిఫ్టుకి వెళ్ళింది. ఆడపిల్ల అని నర్సు చెప్పిన మాట ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కనుక. జ్వరం తగ్గిందా అనే అడిగారందరూ. తగ్గిందనే చెప్పింది. ఏడుపొచ్చినప్పుడల్లా, జ్వరానికి ఎవరైనా ఏడుస్తారా అని తనను తానే కసురుకుంది.

ఆదివారం వీడియో కాల్‌లో అత్తగారు మొదలుపెట్టింది. “ఏమ్మా, నీ తోటికోడలికి ఇద్దరయ్యారు. నీకసలు కడుపు పండే యోగం ఉందో లేదో.”

“అమ్మా, నెట్‌వర్క్ సరిగ్గా లేదు,” అంటూ చందు ఫోను పక్కకు తిప్పబోయాడు. శేషుకుమారి అతని చేతిలోంచి దాన్ని తీసుకుంది.

“మార్చిలో నాకు జ్వరం రాలేదత్తయ్యా,” అంది. “ఆడపిల్ల పోయింది.”