కడియం కింద చర్మం

తాను గౌరవమనుకున్నది గౌరవమేనా, పని తప్పించుకునే సులువైన దారా? కూర్మమ్మ ఎడమ కాలికి చుట్టిన గుడ్డ విప్పుతూ గిరిబాబు తనకు తాను వేసుకున్న ప్రశ్న అది. జవాబు ముందు వాసనగా వచ్చింది.

విజయనగరం శివార్లలోని ఆ వృద్ధుల సంరక్షణాలయంలో అతడు అటెండెంటు. పక్షవాతంతో వాలిపోయిన పాదాన్ని నిలపడానికి కూర్మమ్మకు డాక్టరు ప్లాస్టిక్ బ్రేస్ ఇచ్చాడు. రెండు గంటలకోసారి విప్పి చర్మం చూడాలి. ఎర్రగా కందితే మళ్లీ తొడగకూడదు. ఆ కాలికి స్పర్శ లేదు. నొప్పిని ఆమెకు బదులు అతడి కళ్లే తెలుసుకోవాలి.

అయితే ఆ కాలికి వెండి కడియం ఉంది. ఇరవై ఏళ్ల క్రితం సముద్రం మీదికి వెళ్లిన భర్త తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. కడియం తీయమంటే ఆమెది ఒకటే మాట: "మా మావ ఏటకెళ్లినాడు బాబూ. ఆడొచ్చే వరకూ తియ్యను."

గిరిబాబు మరి అడగలేదు. కడియానికి గుడ్డ చుట్టి, దానిపైనే బ్రేస్ బిగించాడు. గుడ్డ ముట్టుకుంటే ఆమె ముఖం మాడుతుందని, మంగళవారం నుంచి దాన్ని విప్పకుండానే పుస్తకంలో 'చర్మం చూశాను' అని సంతకాలు పెట్టాడు.

నిన్న ఆమే అంది, ఎవరో చేపలు పాడుచేసుకున్నారని, కంపు వస్తోందని. నలభై ఏళ్లు చేపల గంప మోసిన మనిషి. మీ ఊరి గాలి ఇక్కడిదాకా వస్తాదేటమ్మా అని అతడు నవ్వేశాడు.

ఇప్పుడు చర్మం నల్లబడి ఉంది. కడియం మాంసంలోకి దిగింది.

సూపర్‌వైజరు పద్మకుమారి వచ్చి చూసి, గొంతు తగ్గించింది. "ఈరోజే కనబడినాదని రాయి గిరీ. నాలుగు రోజులంటే నీకూ నాకూ ఉద్యోగాలుండవు."

ఒక రోజు పుండని చెబితే డాక్టరు మందు రాసి రేపు చూద్దామంటాడు. ఆ రేపటికి కాలు మిగలకపోవచ్చు.

"ఏటైనాది బాబూ?" కూర్మమ్మ అడిగింది.

"పుండు పడినాదమ్మా. నాను సూడనేదు. కడియం కొయ్యాలి. ఉంటే కాలు పోతాది."

ఆమె తలెత్తి కడియంకేసి చూసింది. "ఎందుకు తియ్యాలో నువ్వప్పుడు సెప్పనేదు కదరా. సెప్పుంటే తీసిద్దును."

గిరిబాబు పుస్తకం తెరిచి నాలుగు రోజుల సంతకాలనూ కొట్టేశాడు. పద్మకుమారి చెయ్యి అడ్డం పెట్టేలోగా డాక్టరుకు ఫోన్ కలిపాడు.

"మంగళవారం నుంచి నేను గుడ్డ విప్పి చూడలేదండీ," అన్నాడు.