అతుక్కున్న రెండు ఆకులు

ఆస్ట్రేలియాలోని హోబార్ట్ రేవు వెనుక వీధిలోని పాత పుస్తకాల దుకాణంలో రోవీనా పని ఆకులు లెక్కించడం. రెండు వందల ఏళ్ల కిందటి ఓడ యాత్రల్లో కనిపించిన జంతువుల, పక్షుల బొమ్మల గ్రంథం ఏది వచ్చినా, ప్రతి ఆకునూ వేళ్లతో తడిమి, బొమ్మలన్నీ ఉన్నాయో లేదో ఆమె తేల్చాలి. ఆమె ‘సమగ్రం’ అంటే ఆ పుస్తకాన్ని ఎవరూ కొయ్యరు, ఉన్నదున్నట్టే అమ్ముతారు. ‘లోపం’ అంటే కత్తి బయటికి వస్తుంది. బొమ్మలను విడదీసి, గోడలకు తగిలించుకునేవారికి అమ్ముతారు. ఆ వ్యాపారంలో అది తప్పు కాదు.

ఈ ఫ్రెంచి యాత్రా గ్రంథం చివరి అట్ట లోపల ఆమె ‘ఒక బొమ్మ లోపం’ అని రాసింది. కత్తి కూడా ఆమె చేతికే వచ్చింది.

మొదటి బొమ్మ, ఒక చిలుక, కుట్టు పక్కనుంచి శుభ్రంగా విడివడింది. తరువాతి ఆకు పట్టుకోగానే మందంగా తోచింది. లెక్కించిన నాడూ అలాగే తోచింది. దళసరి కాగితం అనుకుంది. ఈసారి వెలుతురుకు ఎత్తి చూసింది. పక్షి వెనుక మరో పక్షి నీడ. ఈకలు మెరవడానికి ఆనాటివారు పూసిన జిగురు ఏ చెమ్మలోనో కరిగి, వెనుక బొమ్మను ముందు ఆకు వీపుకు అతికించేసింది.

పుస్తకంలో ఏ లోపమూ లేదు. ఇప్పుడే, తన చేత్తోనే, వచ్చింది.

“డెస్మండ్, ఒకసారి రండి.”

గుమ్మంలో నిలబడి, ఆల్చిప్ప మాంసం కూరిన ‘స్కాలప్ పై’ తింటున్న యజమాని తల తిప్పాడు. “ఏం, వేలు తెగిందా?”

“వేలు తెగినా బాగుండేది. ఇందులో అన్నీ ఉన్నాయి. రెండాకులు అతుక్కుపోతే ఒకటిగా లెక్కపెట్టాను.”

అతను వేళ్లు ప్యాంటుకు తుడుచుకుని, ఆ ఆకును వెలుతురుకు ఎత్తి చూశాడు.

“లోపం అన్నావు. చిలకని కోసి నీ మాట నువ్వే నిజం చేశావు. ఇంకేం, మిగతావీ కోసెయ్. బొమ్మలు కొంటామన్న హోటల్ వాళ్లు గోడలకి మేకులు కొట్టుకుని కూర్చున్నారు.”

“తిరిగి అంటించొచ్చు కదా?”

“అంటించి ఊరుకుంటే మోసం. కోసి అంటించామని రాయాలి. ఎవరు కోశారో కూడా రాయాలి. కత్తి నా చేతిలో లేదమ్మా రోవీనా! అది చూశాక నీ లెక్క నమ్మి ఎవడు పుస్తకం ఇస్తాడు? ఈ ఊళ్లో మన వ్యాపారం వాళ్లంతా ఒక్క బల్ల చుట్టూ సరిపోతారు, సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది.”

“రాయకపోతే?”

“రాయనంటే అన్నీ కొయ్యి. రెండింటి మధ్య కూర్చోడానికి కుర్చీ లేదు.”

లెక్కించడమే తెలుసుకోవడమని ఆమె ఇన్నేళ్లూ నమ్మింది. వేళ్లు ఆనాడే నిజం చెప్పాయి. ఆమె మాత్రం అలవాటు మాట విన్నది. ఇప్పుడు డెస్మండ్ ముందు ఒప్పుకోవడం తేలికే, విన్నది అతనొక్కడే. కాగితం మీద ఒప్పుకుంటే వినేవారికి అంతు ఉండదు. మౌనంగా కోస్తే తనకు తప్ప ఎవరికీ తెలియదు. కాని తెలిసిన ఆ ఒక్కరినుంచి, తననుంచి, ఏ తలుపు గుండా బయటపడాలి?

కత్తి మూసింది. పెన్సిల్ తీసి, తన పాత రాత కింద జరిగింది జరిగినట్టు రాసింది. పొడి అక్షరాలు కాదు, పూర్తి పేరు పెట్టింది.

డెస్మండ్ చదివాడు. కోప్పడలేదు. హోటల్ వాళ్లకు ఫోన్‌లో ఏదో సర్దిచెప్పి, ఆమె బల్ల పక్క అర ఖాళీ చేశాడు.

“దీని చోటు ఇక్కడే. దీన్నెవరూ కొనరు, ఇక లెక్కకి నిన్నెవరూ పిలవరు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటూ ఉండండి.”

ఆమె జిగురు గిన్నె దగ్గరికి లాక్కుని, చిలుక ఆకు తెగిన అంచును వేలితో సరిచేయసాగింది.