కారుకి కొత్త మెదడు, మధ్యలో నేను

"అది పేలితే?" అన్నాను.

అప్పటికింకా ఏమీ జరగలేదు. పార్సిలు కూడా విప్పలేదు. మా అమ్మాయి కత్తెర కోసం సొరుగు వెతుకుతోంది, అంతే.

"ఏది పేలితే?" అంది.

"ఆ అట్టపెట్టెలో ఉన్నది."

"అందులో ఉన్నది ఉత్త బోర్డమ్మా. దానికంటే నీ ఇస్త్రీపెట్టె ప్రమాదం."

ఆ మాటతో నాకు ఇస్త్రీపెట్టె మీద అనుమానం మొదలైంది. వెళ్లి చూస్తే ప్లగ్గు తీసే ఉంది. నమ్మకం చాలక ఒకసారి పెట్టి, మళ్లీ తీసి వచ్చాను.

నా సంగతి ముందే చెప్పేస్తే మీకూ సుఖం, నాకూ సుఖం. నేను భయస్తురాలిని. ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటాను. మోగకపోతే, చెప్పాల్సినవాళ్లు కూడా పోయారనుకుంటాను. చదువు పెద్దగా అబ్బలేదు కానీ, దీనికి పరీక్ష పెడితే ఫస్టు నాదే. ఆ ఫలితాలొచ్చే రోజు ఏమవుతుందోనని మళ్లీ బెంగ.

మా కారు మా అమ్మాయికంటే పెద్దది. మా ఆయన జీవితంలోకి నాకంటే ముందే వచ్చింది, ఆ సంగతి నన్ను ఏనాడూ మర్చిపోనివ్వలేదు. సెలవొస్తే ఆయన బోనెట్ ఎత్తి, స్క్రూడ్రైవరుతో కార్బురేటర్ మీద చిన్న స్క్రూని అటు కాస్త, ఇటు కాస్త తిప్పి, తల వంచి వినేవారు. పెట్రోలూ గాలీ కలిపి ఇంజిన్‌కి పట్టించేది ఆ కార్బురేటరేనట. నేను చెప్పేది ఆయన అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

కిందటిసారి పొగ పరీక్షలో కారు తప్పింది. కార్బురేటర్ అరిగిపోయింది, ఆ రకం ఇక దొరకదు అన్నాడు మెకానిక్. ఇంకొక్కసారి చూస్తారు, అప్పుడూ తప్పితే బండి తుక్కుకే. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి కారు కడిగారు. తుడిచారు. ఏం తోచిందో, మళ్లీ కడిగారు.

మా అమ్మాయిది లిఫ్టుల్లో ఉండే కంట్రోల్ బోర్డులు బాగుచేసే ఉద్యోగం. నేను లిఫ్టు ఎక్కను. తను బాగుచేసిందని తెలిస్తే ఆ వీధిలోకే వెళ్లను. "కార్బురేటర్ తీసేసి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పెడదాం నాన్నా," అంది. "పెట్రోలు ఎంత పోయాలో, స్పార్కు ఎప్పుడు ఇవ్వాలో చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది. ఈ కారుకి సరిపోయేది ఎవరూ అమ్మరు. నేనే చేస్తాను."

"ఆలోచిద్దాం," అన్నారాయన.

ఆయన ఆలోచిస్తుండగానే పన్ను పీకించుకోడానికి వెళ్లాల్సొచ్చింది. తిరిగొచ్చేసరికి ఈవిడగారు కార్బురేటర్ విప్పి, గుడ్డలో చుట్టి, బల్లమీద పెట్టింది. ఇంజిన్ మీద కన్నం. ఆయన నోట్లో కన్నం. ఆయన రెండూ తడిమి చూసుకున్నట్టు బుగ్గ మీద ఒక చెయ్యి, బోనెట్ మీద ఒక చెయ్యి వేసి నిలబడి, లోపలికి వెళ్లిపోయారు. ఇంజెక్షను మత్తు దిగాక మాట్లాడతారులే అనుకున్నాను. మత్తు దిగింది. నాతో మాట్లాడారు. పాలవాడితో మాట్లాడారు. కూతురితో మాత్రం లేదు.

కారు తుక్కుకి పోతుందేమోనని వాళ్లిద్దరి దిగులు. కారు పోతేపోనీ, వీళ్లిద్దరూ ఇక జన్మలో మాట్లాడుకోరేమోనని నా దిగులు.

పని మాత్రం ఆగలేదు. భోజనాల బల్ల ఒక చివర బోర్డుకి అతుకులు వేసే సోల్డరింగ్ మొదలైంది. సన్నగా పొగ లేస్తుంటే నేను బకెట్టుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టాను. "కరెంటు మంటమీద నీళ్లు పొయ్యకూడదమ్మా," అంది. అయితే అని బకెట్టుతో ఇసుక తెచ్చిపెట్టాను. ఇంట్లో జరిగిన ఏకైక ప్రమాదం ఆ బకెట్టు తగిలి నేను పడడం.

బోర్డు తయారయ్యాక, దాన్ని పెట్టడానికి నా పంచదార డబ్బా పట్టుకుపోయింది. దానికి మూత గట్టిగా పడుతుందట. ఒకరోజు ఇంజిన్ ముందుభాగాన పళ్లచక్రం బిగిస్తుంటే చూశాను. ఒక పన్ను లేదు!

"నిన్ను ఎవడో మోసం చేశాడే. విరిగిన సరుకు అంటగట్టాడు."

"కావాలనే అలా ఉంటుందమ్మా. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా ఇంజిన్ ఎక్కడిదాకా తిరిగిందో కంప్యూటర్‌కి తెలుస్తుంది."

"లేనిదాన్ని చూసి తెలుసుకుంటుందా?"

"నువ్వు చెయ్యట్లేదూ? లేనివన్నీ చూసి మరీ భయపడతావు."

ఇదీ నా బతుకు. ఇంట్లో పళ్లచక్రానికున్న మర్యాద కూడా లేదు.

ఆయన హాల్లో కుర్చీలో, తను షెడ్డులో. మధ్యలో వంటిల్లు, వంటింట్లో నేను. ఇద్దరి మాటలూ నా మీదుగానే నడిచేవి.

"అమ్మా, స్పార్కు ఎన్ని డిగ్రీల ముందు పెట్టేవాడో నాన్నని అడుగు. పుస్తకంలో పది అని ఉంది. కానీ నాన్న ఇంజిన్ మాట విని తనకి తోచింది పెట్టేవాడు."

వెళ్లి అడిగాను. ఆయన పేపరులోంచి తల ఎత్తలేదు. "పద్నాలుగు. మన ఇంజిన్‌కి అదే అలవాటు. దానికి చెప్పు."

వంటిల్లు దాటేలోపు నా బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. పుస్తకంలో పది ఉంటే పద్నాలుగేమిటి? స్పార్కంటే నిప్పే కదా. నిప్పు దగ్గర ఎక్కువ ఎందుకు? "పది చాలన్నారు," అని చెప్పాను.

ఇంకోరోజు, "పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చోక్ ఎంత లాగేవాడో అడుగు. ఆ లెక్కన ఎక్కువ పెట్రోలు పొయ్యమని కంప్యూటర్‌కి చెప్పాలి," అంది.

"పూర్తిగా లాగాలి. ఇంజిన్ వేడెక్కిందాకా లోపలికి నెట్టకూడదు," అన్నారాయన.

అది నా నోట్లోంచి, "సగం లాగాలి, స్టార్టవగానే నెట్టెయ్యాలి," అని బయటకొచ్చింది. డాక్టరు మాత్ర రాస్తే నేను సగం విరిచే వేస్తాను. పెట్రోలు విషయంలో ధారాళంగా ఎలా ఉంటాను?

పరిమాణాలన్నీ ఇలా తగ్గించాను. జాగ్రత్తలు మాత్రం పెంచాను. "వైర్లు సైలెన్సరు గొట్టానికి దూరంగా ఉండాలి," అని ఆయనంటే, "కారు నిండా వైర్లేమిటి, సగం తీసెయ్యమన్నారు," అని మోశాను. ఇదంతా వాళ్ల మేలుకే అనుకున్నానంటే నన్ను చూసి మీరు నవ్వొచ్చు. నేను అప్పుడు నవ్వలేదు.

ఇంజిన్ మొదటిసారి తిరిగిన మధ్యాహ్నం నేను షెడ్డు గుమ్మంలో కళ్లు మూసుకుని నిలబడ్డాను. దగ్గింది, తుమ్మింది, తర్వాత నడిచింది. ఎండపూట ఎలాగో నడిచేది. చల్లటిపూట మాత్రం మొండికేసేది. తాళం తిప్పితే ఒకటి రెండు కుదుపులు, ఆపైన ఇంజిన్ మీదనుంచి ఠాప్‌మని ఒక చప్పుడు. చప్పుడు వినగానే నేను వీధిలో ఉండేదాన్ని. చెప్పుల్లేకుండా.

మా అమ్మాయి తిండి మానేసి వెతికింది. అతుకులన్నీ కరిగించి మళ్లీ వేసింది. వేడి చూసే సెన్సారు మార్చింది. ఇంజెక్టర్లు విప్పి బిగించింది. "అన్నీ సరిగ్గానే ఉన్నాయే! అంకెలు కూడా నాన్న చెప్పినవే," అని తనలో తను గొణుక్కునేది. అంకెలు తప్పేమోనన్న అనుమానం దానికి రాలేదు. వాళ్ల నాన్న చెప్పినవి కదా.

చివరికి, "అమ్మా, ఒక్కసారి నాన్నని వచ్చి వినమను. ల్యాప్‌టాప్‌లో గీతలు కనిపిస్తున్నాయి కానీ లోపల ఏమవుతోందో నాకు తెలియట్లేదు," అంది.

నేను హాల్లోకి వెళ్లాను. ఆయన చదువుతున్న పేపరు నిన్నటిది. చెవులు షెడ్డు వైపున్నాయి.

"ఏమంటోంది?"

"ఏమీ లేదు. టీ తాగుతారా?"

పేజీ తిప్పి, "నేను రావాలేమో అడుగు," అన్నారు.

మళ్లీ షెడ్డుకి వచ్చాను. "నాన్నకి మోకాలు నొప్పట," అన్నాను.

ఎందుకంటారా? ఆ చప్పుడు నేను విన్నాను కనక. అది ఏదో ఒకరోజు పెద్దదిగా పేలితే, షెడ్డులో ఇద్దరూ ఉంటే? ఒకరుంటే ఒకరైనా మిగులుతారు నాకు. ఇద్దరినీ ఒక కప్పు కిందకి పంపించి, వంటింట్లో నేను టీ కాచుకుంటూ కూర్చోవాలా? ఇంత దూరం ఆలోచించాను. వాళ్లు మాట్లాడుకోవాలని మొక్కుకున్నదాన్నీ నేనే, మాటకి అడ్డం నిలబడ్డదాన్నీ నేనే. ఈ రెండూ ఒకే మనిషి చేస్తోందని నాకు తట్టనేలేదు.

పరీక్షరోజు వచ్చింది. పొద్దున్నే రమ్మన్నారు. చలిగా ఉంది. మా అమ్మాయి తాళం తిప్పింది. కుదుపు, ఠాప్. మళ్లీ తిప్పింది. కుదుపు, ఠాప్. బ్యాటరీ మూలుగు కూడా సన్నబడుతోంది. అది స్టీరింగు మీద నుదురు ఆనించి కూర్చుంది. ఏడుస్తోందనుకుని దగ్గరికెళ్లాను. ఏడవట్లేదు. ఏడ్చినా బాగుండేది.

"అమ్మా," అంది తల ఎత్తకుండా. "నాన్న కావాలనే తప్పు చెప్పుంటాడా?"

"ఏమిటీ?"

"నేను ఓడిపోవాలని. తన కార్బురేటరే గొప్పదనిపించుకోవాలని. అంకెలు మార్చి చెప్పుంటాడా? ఇంకేం మిగల్లేదు అనుమానించడానికి."

గుండెపోట్లు, గ్యాసు సిలిండర్లు, లిఫ్టు తాళ్లు, కుక్కకాట్లు, భూకంపాలు, అన్నీ ఊహించి పెట్టుకున్నాను నేను. ఇది మాత్రం ఊహించలేదు. ఇన్నేళ్లు కాపలా కాసి కాసి, దొంగకి తలుపు నేనే తీశానన్నమాట.

"పద్నాలుగన్నారు," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఇంకోసారి గట్టిగా అన్నాను. "ఆయన పద్నాలుగన్నారు. పది నాది."

అది తల ఎత్తింది. "చోక్?"

"పూర్తిగానన్నారు. సగం... సగం నేనే చేశాను. వేడెక్కిందాకా నెట్టకూడదన్నారు."

"ఎందుకమ్మా?"

"మందు కూడా సగమే కదా వేస్తాను నీకు."

అది నా వంక చూసిన చూపు ఎలా ఉందో రాయడం నాకు చేతకాదు. "ఇంకా ఏమేం మార్చావు?"

"వైర్లు తీసెయ్యమనలేదు. దూరంగా పెట్టమన్నారంతే." ఊపిరి పీల్చుకున్నాను. ఎలాగూ మునిగాను. "మోకాలు నొప్పి కూడా లేదు. నువ్వు రమ్మన్నావని నేను ఆయనకి చెప్పలేదు. రానా అని ఆయన అడిగారు, అది నీకు చెప్పలేదు. ఇద్దరూ ఒకేచోట ఉంటే, ఏదైనా అయితే..."

"ఏదైనా అయితే ఏంటి?"

"నాకెవరుంటారే?"

అది నోరు తెరిచింది. కానీ చూపు నన్ను దాటి వెనక్కి వెళ్లింది. తిరిగి చూస్తే గుమ్మంలో ఆయన. ఇస్త్రీ చొక్కా వేసుకుని, షూ లేసులు కట్టుకుని, పరీక్షకి సిద్ధమై ఉన్నారు. ఎవరూ పిలవకుండానే. ఎప్పుడొచ్చారో, ఎంతవరకు విన్నారో తెలియదు. ముఖం చూస్తే మొత్తం విన్నట్టే ఉంది.

మా అమ్మాయి ల్యాప్‌టాప్ ఒళ్లోకి లాక్కుని అంకెలు కొట్టింది. పది పోయింది, పద్నాలుగు వచ్చింది. పెట్రోలు వరసలో ఉన్నవన్నీ పెంచింది. తాళం తిప్పింది.

పేలలేదు. ఒకటి, రెండు కుదుపులు, ఆ తర్వాత ఇంజిన్ గొంతు సవరించుకుని అందుకుంది. షెడ్డు రేకులు సన్నగా మోగాయి. నేను వీధివైపు అడుగు వేసి, సిగ్గేసి ఆగిపోయాను.

"నాన్నా," అంది మా అమ్మాయి. నన్ను కాదు, నా మీదుగా కాదు. "ఎలా ఉంది?"

ఆయన కారు ముందుకొచ్చి బోనెట్ కింద చూశారు. ఆ వైర్లు, ఇంజెక్టర్లు, నా పంచదార డబ్బా, అన్నిటి మీదా చూపు నెమ్మదిగా తిరిగింది. మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆనించారు. వెనక్కి వెళ్లి సైలెన్సరు దగ్గర వంగి పొగ చూశారు. మళ్లీ ముందుకొచ్చి తల వంచి నిలబడ్డారు. నాకు ఒకటే ఆరాటం. "బాగుందంటున్నారే," అనేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. టైమైపోతోంది, పరీక్ష చేసేవాళ్లు గేటు మూసేస్తారు, అసలు ఈయన మాట పూర్తిగా పడిపోయిందేమో, ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, అని లోపల నా ఇంజిన్ నడుస్తూనే ఉంది. అయినా కొంగు తియ్యలేదు.

ఆయన బోనెట్ దించారు. పక్కసీటు వైపు వెళ్లి తలుపు తీసి కూర్చున్నారు.

"మూడో సిలిండరు కాస్త తడబడుతోంది, చిట్టీ," అన్నారు. "పోనీ. నువ్వు నడుపు, నేను దారంతా వింటాను. అమ్మని వెనక ఎక్కమను."