నడిమి సైజు

ఖాకీ గుడ్డ మందం. చంక దగ్గర అది నాలుగు పొరలవుతుంది. అక్కడ సూది దిగాలంటే కాలి మిషనును కాలితో తొక్కితే చాలదు, ఒళ్లంతా తొక్కాలి. ఖాసిం సాబ్ కుడిచేత్తో చక్రాన్ని కొంచెం నెట్టి, గట్టిచోటు దాటగానే ఊపిరి వదిలాడు. ఆ ఆయాసం ఎవరికీ వినబడకుండా మళ్లీ తొక్కాడు. అనంతపురం పాతూరులోని ఆ కుట్టు కార్ఖానాలో పదకొండేళ్లుగా ఆయన చోటు అదే. కిటికీ కింద ముక్కాలిపీట, ముక్కు మీద దారంతో కట్టిన కళ్లద్దాలు, ఒళ్లో ఎవరిదో ఒకరి బట్ట.

బస్సు కండక్టర్ల ఖాకీ కోట్లలో నడిమి సైజువి ఇరవై పోయిన వారమే బస్సుల కంపెనీకి వెళ్లాయి. లావు సైజువి ఇంకా పది కుట్టాలి. కార్ఖానాలో జీతమన్న మాట లేదు. కోటుకు ఇంత, చొక్కాకు ఇంత. పంతొమ్మిది వందల యాభై రెండు నాటికి వరసగా మూడేళ్లు వానల్లేవు. తిండికే గతిలేని జనం చొక్కాలు కుట్టించుకోవడం మానుకున్నారు. ఖాసిం సాబ్ అయినా రోజూ వచ్చేవాడు. మిషనుకు నూనె వేసి సాయంత్రందాకా కూర్చునేవాడు. కూర్చున్నందుకు కూలి లేదు, కూర్చోకపోతే ఆ పీట మీద ఇంకొకడు కూర్చుంటాడు. ఆయన భయమంతా ఆ పీట గురించే.

కరువుకు సర్కారు తెరిచిన గంజి కేంద్రంలో పేర్లు రాసే గుమాస్తా మాత్రం ఆయన్ని ఉద్యోగస్థుల్లో చేర్చాడు. భార్య షరీఫాబీ గిన్నె పట్టుకుని పోతే, “మీ ఆయప్పకు మిషను పని ఉండాది కదమ్మా” అని వెనక్కి పంపాడు. పని ఉన్నవాడికి ఆకలి ఉండదని ఆ గుమాస్తా ఎక్కడ చదువుకున్నాడో తెలియదు.

ఇక కోట్ల కొలత సంగతి. కండక్టర్లు ఒకడు కణేకల్‌లో ఉంటే ఒకడు చిలమత్తూరులో ఉంటాడు. అందరినీ వరసలో నిలబెట్టి కొలవడం అయ్యే పని కాదు. అందుకని కార్ఖానా యజమాని శ్రీరంగప్ప ఒక ఉపాయం కనిపెట్టాడు. లావు సైజుకు తానే కొలత. నడిమి సైజుకు ఖాసిం సాబ్ కొలత. సన్న సైజు లేదు. సన్నవాడు నడిమి కోటులో ఎట్లాగూ దూరతాడు. ఏటా మొదటి కోటును వదులు కుట్లతో ఖాసిం సాబ్‌కు తొడిగి, సరిచేసి, దాని ప్రకారం మిగతావన్నీ శ్రీరంగప్పే కత్తిరిస్తాడు. కత్తెర ఇంకొకరి చేతికివ్వడు, గుడ్డ దొంగిలిస్తారని. కొలతకు నిలబడినందుకు కూలి లేదు. అది గౌరవం.

ఈ ఏడు కోటు తొడిగినప్పుడు, “ఒదులుగా ఉండాదే” అంటూ శ్రీరంగప్ప రెండు పక్కలా గుడ్డను గుప్పిళ్లతో పట్టుకున్నాడు. ఖాసిం సాబ్‌కు విషయం వెంటనే తెలిసింది. చెబితే బాగుండేది. కాని చిక్కిపోయానని ఒప్పుకున్నవాడికి ఖాకీ పని ఎవరిస్తారు? ఊపిరి బిగబట్టి రొమ్ము నింపుకుని నిలబడ్డాడు. శ్రీరంగప్ప గుండుసూదులు గుచ్చుతూ తన తిరుపతి యాత్ర కథ మొదలుపెట్టాడు. యాత్ర కొండెక్కే లోపలే ఖాసిం సాబ్ ఊపిరి అయిపోయింది. కోటు మరో రెండంగుళాలు లోపలికి పోయింది.

ఈ పూట కుట్టు సగంలో ఉండగా, బస్సు కండక్టరు సుంకన్న ఆ ఇరవై కోట్లనూ మూటకట్టి తెచ్చి బల్ల మీద విసిరాడు.

“ఏమప్పా శ్రీరంగప్పా, ఇవి మాకు కుట్టినారా, మా పిల్లోళ్లకు కుట్టినారా? గార్లదిన్నె కాడ బెల్లు కొట్టేకి చెయ్యెత్తితే చంక టర్రుమనె. గుండీ ఎగిరి ఒక ముసిలామె ఒళ్లో పడె. చిల్లర ఇచ్చినాననుకొని కొంగున కట్టుకునింది!”

శ్రీరంగప్ప మూట విప్పను కూడా లేదు. తిన్నగా కిటికీ వైపు తిరిగాడు.

“గుడ్డ యాడికి పోయినాది ఖాసిం?”

ఖాసిం సాబ్ కాలు ఆగింది. పదకొండేళ్లలో ఆ మాట అనిపించుకోలేదు. “కత్తెర మీ చేతిలోదే కదా సామీ. నేను కుట్టేవాణ్ని.”

“నా కొలత తప్పంటావా?”

“కొలత సంగతి మళ్ల చూద్దాంలే,” అన్నాడు సుంకన్న. “నువ్వు కూచున్న దిండు కొత్తగుండాదే? మా కోట్ల రంగే ఉండాది!”

శ్రీరంగప్ప మరింత బరువుగా కూర్చున్నాడు. “అవి తునకలప్పా, ఊడ్చి పారేసేవి. లే ఖాసిం, ఆ మూటలో ఒక కోటు తీసి తొడుక్కో. నడిమి మనిషికి సరిపోతాదో లేదో ఈయప్పే చూస్తాడు.”

ఖాసిం సాబ్ తొడుక్కున్నాడు. అయిదు గుండీలూ పెట్టుకున్నాడు. భుజం దగ్గర ముడత లేదు, నడుము దగ్గర బిగువు లేదు, చెయ్యి సరిగ్గా మణికట్టు దగ్గర ఆగింది. అంత చక్కగా కుదిరిన కోటును ఆ ఊళ్లో పెద్ద ఉద్యోగులు కూడా తొడిగి ఉండరు.

సుంకన్న నవ్వబోయి ఆగిపోయాడు. “కోటు బాగుండాది శ్రీరంగప్పా,” అన్నాడు మెల్లగా. “మనిషే తగ్గినాడు. తింటాండావా అన్నా నువ్వు?”

ఖాసిం సాబ్ గుండీలు విప్పుకున్నాడు. దొంగ కాదని తేలింది. తేలిన సంగతి దొంగతనం కంటే సిగ్గుగా ఉంది.

“చిక్కినోడివి చెప్పొద్దా?” శ్రీరంగప్ప అరిచాడు. “ఇరవై కోట్లు నాశనం చేస్తివే! ఇప్పి ఒదులు చెయ్యి. దీనికి కూలి లేదు.”

ఖాసిం సాబ్ కోటును తిరగేసి పక్క కుట్టు చూపించాడు. “ఒదులు చేసేకి లోపల మడత యాడుండాది సామీ? అదీ మీరే కత్తిరిచ్చి దిండులో పెట్టినారు.”

పదకొండేళ్లలో యజమానితో ఆయన మాట్లాడిన అతి పెద్ద మాట అదే.

“రేపట్నుంచి రావద్దు పో.”

ఖాసిం సాబ్ కోటును మడతపెట్టి బల్ల మీద ఉంచాడు. మిషనులో దారం తెంపి, నూనె చుక్కలు వేసి, మూత పెట్టాడు. సుంకన్న ఏదో అనబోయాడుగాని బస్సుకు వేళయింది.

రెండో నాడే గంజి కేంద్రంలో షరీఫాబీ పేరు ఎక్కింది. ఇంటాయనకు పని పోయింది గనుక ఆకలికి అర్హత వచ్చింది.

కోట్లు మాత్రం వృథా కాలేదు. పదిహేను రోజులకు కరువు పనుల కాంట్రాక్టరొకడు రోడ్డు మీద కంకరకు కావలి ఉండేవాళ్ల కోసం కోట్లు వెతుక్కుంటూ వచ్చాడు. వెంట తెచ్చిన నలుగురికి తొడిగి చూశాడు. నలుగురికీ కుట్టించినట్టే ఉన్నాయి. ఆ ఏడు జిల్లాలో సగంమందికి అవి సరిపోయేవి. ఇరవై కోట్లూ అక్కడికక్కడే బండికెత్తించి, అదే సైజులో ఇంకో యాభై కావాలన్నాడు.

శ్రీరంగప్ప సంతోషంగా గొడుగు వేసుకుని దర్గా వెనక సందులోకి నడిచాడు. కొలత మళ్లీ తీయాలి కదా.

ఖాసిం సాబ్ ఇంటికి తలుపు లేదు, గోనెపట్టా తెర ఉంది.

“ఖాసిం! ఏమప్పా, అలిగినావా? పని ఉండాది రా!”

తెర వెనకనుంచి షరీఫాబీ గొంతు వచ్చింది. “జుమ్మా నాడు పోయినాడు సామీ. మట్టి చేసినారు.”

“అయ్యో. జొరమా?”

“జొరం రాను కూడా ఒంట్లో ఏమన్నా ఉండల్ల కదా.”

శ్రీరంగప్ప గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. వెళ్లిపోవలసిన మనిషి వెళ్లలేదు. ఆ నిలబడటాన్ని ఆమె తెర సందులోంచి కొంతసేపు చూసింది.

“కొలతకు వచ్చినారా సామీ?”

ఆయన కాదనలేదు. లోపల పెట్టె మూత చప్పుడైంది. తెర కిందినుంచి ఒక చెయ్యి వచ్చి, మడతపెట్టిన చొక్కాను గడప మీద పెట్టింది.

“మనిషి రాలేకుంటే పాత చొక్కాను ఆదికి పంపిస్తారు కదా. ఇది తీస్కపోండి. ఆఖర్న ఇది గూడా ఆయనకు ఒదులైనాది. రెండు పక్కలా పట్టుకొని కత్తిరిచ్చుకోండి. మిగిలిన గుడ్డ దిండుకు వస్తాది.”

శ్రీరంగప్ప వంగి దాన్ని తీసుకోలేదు. గొడుగు సందు మలుపు తిరిగింది. గడప మీద నీలి గీతల చొక్కా అట్లాగే ఉంది. కాలరు ఒకవైపు అరిగితే విప్పి తిరగేసి కుట్టుకున్నది, ఆ రెండో వైపూ అరిగిపోయి, లోపలి గుడ్డ తెల్లగా కనబడుతోంది.